నలభై మూడు వేల విమానాలెక్కిన జాల్యా

జాల్యా అబద్ధమాడలేదు. ఈ ఒక్క మాట ముందే చెప్పేసి మిగతాది తర్వాత చెబుతాను. ఎందుకంటే జనగామలో మా ఆఫీసు మెట్ల మీద చాయ్ తాగేవాళ్ల నుంచి మహబూబాబాద్‌లో మా చిన్నమ్మ కొడుకు దాకా అందరూ నాకు ఫోన్ చేసి మరీ అడుగుతున్నది అదే. "ఆ పెద్దమనిషి పద్దెనిమిదేండ్లు తండానంత మోసం జేసిండటగద, హరితక్కా?" అని. మోసం లేదు, గీసం లేదు. మీరూ ఆ వీడియో చూసే ఉంటారు. బయల్దేరబోయే విమానంలోంచి అరవై నాలుగు మంది బిలబిలా దిగిపోతుంటారు. దానికి ఎవడో పనిలేనివాడు మన యాసలో వెకిలి మాటలు అతికించాడు. సినిమాల్లో ఇన్నేళ్లు ఎగతాళి చేసింది చాలక ఇప్పుడు ఫోన్లలో కూడా మొదలుపెట్టారు. ఆ వీడియోలో అందరికంటే ముందు నడుస్తున్నది జాల్యా. ఆయన వెనక అద్దాల ముసుగు వేసుకున్నావిడ ఆయన భార్య మోతీబాయి. ఆమె వెనక పదిమంది ఆడవాళ్లు. వాళ్ల వెనక పసుప్పచ్చ చీరలో, నోరు తెరుచుకుని పరుగెత్తుతున్నది నేను. మరి నాకు ఒళ్లు మండదా?

మాది భూపాలపల్లి జిల్లా ఘనపూర్. నౌకరీ మాత్రం నర్మెట్ట మండలంలో, మహిళా సంఘాలను చూసుకునే పని. నాకు కోపమొస్తే జఫర్‌గఢ్ దాకా వినపడుతుందని మా సారు అంటాడు. అననీ. నా కింద ఉన్న సంఘాల్లో ఇప్పలగుట్ట తండా సంఘం ఒకటి. మోతీబాయి దానికి అధ్యక్షురాలు. అద్దాలు కుట్టడంలో ఆమె చేతిని మించిన చెయ్యి మూడు జిల్లాల్లో లేదు. ఆమెను మాత్రం ఎవరూ ఆ పనితో గుర్తుపట్టరు. నర్మెట్ట అంగట్లో అడిగినా "ఇమానం జాల్యా పెండ్లామా?" అనే అంటారు. ఆ మాట వింటే ఆమె ముఖం చూడాలి. మనిషే రెండు వేళ్లు పొడుగు పెరుగుతుంది.

జాల్యా అయిదో తరగతితో బడి మానేశాడు. హైదరాబాద్ పోయి కొన్నాళ్లు ఇసుక మోశాడు. రెండువేల అయిదులో ఒక కాంట్రాక్టరు ఆరుగురిని బేగంపేటలో విమానాలు తుడిచే పనికి పెట్టుకుంటే అందులో ఈయన ఒకడు. తర్వాత శంషాబాద్‌లో కొత్త విమానాశ్రయం వచ్చింది, ఈయనా అక్కడికి పోయాడు. వచ్చిన విమానంలోంచి ఆఖరి ప్రయాణికుడు దిగగానే వీళ్లు చీపుర్లు, సంచులు పట్టుకుని లోపలికి పోవాలి. సీటు జేబుల్లో చెత్త తీయాలి, కింద తుడవాలి, బాత్రూంలు కడగాలి, సీటు బెల్టులు ఒకదాని మీద ఒకటి అడ్డంగా మడిచి పెట్టాలి. ఒక్కోసారి పని తెమలకపోతే కొత్త ప్రయాణికులు ముందు నుంచి ఎక్కుతుంటే వీళ్లు వెనక ఇంకా తుడుస్తూనే ఉండేవాళ్లు. కానీ మైకులో "బోర్డింగ్ కంప్లీట్" అన్న మాట వినపడిందంటే ఎక్కడి చీపురు అక్కడ ఎత్తుకుని తలుపు పడేలోపు బయట ఉండాలి. లోపల దొరికినవాడికి మర్నాటి నుంచి పని లేదు. అది కాంట్రాక్టరు పెట్టిన కట్టుబాటు. వాళ్ల ముఠాలో ఒకడికి నిజంగానే పని పోయింది.

రోజుకు ఎనిమిది విమానాలు, ఏడాదికి మూడొందల రోజులు, నడుము పోయి పని మానేసి తండాకు వచ్చేసేదాకా పద్దెనిమిదేళ్లు. గుణించుకోండి. నలభై మూడు వేల పైచిలుకు. అన్నిసార్లూ ఎక్కాడు, అన్నిసార్లూ దిగాడు. నడుమ ఒక్కసారంటే ఒక్కసారి కూడా విమానం కదల్లేదు.

ఈ సంగతి తండాకు తెలియదు. మోతీబాయికి తెలియదు. దాచాడా అంటే దాచలేదు. పనిలో చేరిన కొత్తలో ఇంటికొచ్చినప్పుడు ఎవరో అడిగారట, "ఏం జాల్యా, ఇమానమెక్కినవా?" అని. "ఎక్కిన. నిన్న ఒక్కనాడే ఎనిమిదెక్కిన." నిజమే కదా? "ఎట్లుంటది?" "సల్లగుంటది. సీట్లు మెత్తగుంటయ్." అదీ నిజమే. "భయమైతదా?" "ఏం భయం! నాకేం గాలే." ఇందులో అబద్ధమెక్కడుందో ఎవరైనా వేలు పెట్టి చూపించండి. అది కదిలిందా అని అడగాల్సినవాళ్లు అడగలేదు. అడక్కుండా ఈయనంతట ఈయనే "నేనైతే ఎగరలే" అని డప్పు కొట్టించాలా? నాలుగైదేళ్లు గడిచాయి. పేరు స్థిరపడిపోయింది. భార్య ఆ పేరు మీద అంగట్లో పొడుగు పెరగడం మొదలుపెట్టింది. ఇంక చెప్పడానికి నోరెట్లా వస్తుంది? "ఎప్పటికన్న తెలుస్తదని గుండెల దడనే ఉండె మేడం. తండా నవ్వుతె నవ్వనీ. మోతీకి తెలిస్తె నేను మొకం ఏడ పెట్టుకోవాలె?" అని జరిగిందంతా జరిగాక నాతో అన్నాడు.

అట్లాగని ఆయనకు విమానాల గురించి తెలియదనుకుంటే మీ పొరపాటు. చదువుకున్నవాళ్లు విమానం కథను రెక్కలతో, ఇంజన్లతో చెబుతారు. జాల్యా చెత్తతో చెప్పేవాడు. బేగంపేట రోజుల్లో విమానమెక్కిన ప్రతివాడికీ భోజనం పెట్టేవాళ్లు, అందుకని సీట్ల కింద అన్నం మెతుకులు, మిఠాయి ముక్కలు ఊడ్చేవాళ్లు. తర్వాత చవక టికెట్ల విమానాలొచ్చాయి. మెతుకులు పోయి వేడినీళ్లు పోసుకునే సేమ్యా డబ్బాలొచ్చాయి. కోటువాళ్ల నడుమ బిడ్డను చూడబోయే లుంగీ తాతలు ఎక్కడం మొదలైంది, సీటు జేబుల్లో తమలపాకులు దొరికాయి. సీట్ల సంఖ్య పెరిగింది, మోకాళ్ల సందు తగ్గింది, దానికి సరిపడా వీళ్ల చీపురు కట్ట రెండుసార్లు కోశారు. మొదట్లో ఒక విమానం తుడవడానికి ముప్పావుగంట ఇచ్చేవాళ్లట, చివరికి పది నిమిషాలు. "ఇమానం ఎంత జల్ది దిగి ఎంత జల్ది ఎగిరితె గంత లాభమట. మా నడుములు ఇరిగింది గందుకే" అనేవాడు. సిగరెట్లు ఎప్పుడో నిషేధించినా బాత్రూం తలుపు మీద బూడిద డబ్బా ఇంకా ఎందుకు పెడతారో కూడా ఆయనకు తెలుసు. ఎవడో ఒకడు దొంగచాటుగా కాలుస్తాడు, చెత్తబుట్టలో పడేస్తే విమానం అంటుకుంటుంది, అందుకని.

ఈ తెలివి తండాకు చేసిన మేలు కూడా ఉంది. పాత రోజుల్లో జెట్ విమానాలు కొత్తగా వచ్చినప్పుడు ఒక రకానికి చదరపు కిటికీలుండేవని, పైకెగిరి దిగి పైకెగిరి దిగి మూలల దగ్గర రేకు చీలి విమానాలు గాలిలోనే ముక్కలయ్యాయని, అందుకే ఇప్పుడు మూలలు గుండ్రంగా చేస్తారని ఎవరో ఇంజనీరు ఈయనకు చెప్పాడు. ఇల్లు కట్టుకున్నప్పుడు కిటికీలన్నింటికీ గుండ్రటి మూలలే పెట్టాలన్నాడు. కిటికీలు చేయడానికి జఫర్‌గఢ్ నుంచి వచ్చిన వడ్ల మేస్త్రీ నెత్తి పట్టుకున్నాడు.

"ఇల్లేమన్న ఎగుర్తదా జాల్యా?"

"ఎగరకున్నా పగలద్దు గదనే."

ఆ తర్వాత తండాలో ఇంకో నాలుగిళ్లు అట్లాగే కట్టారు. ఆ కిటికీల రెక్కలు సరిగ్గా మూసుకోవు, జల్లు కొడితే మంచాలు తడుస్తాయి. అయినా ఒక్కరు కూడా ఆయన్ను తప్పుబట్టలేదు. ఆటో నడిపే బీక్యా కూడా ఈయన చెప్పినట్టే లావుపాటివాళ్లను నడుమ, సన్నవాళ్లను చివర కూర్చోబెట్టి, బరువు సమంగా ఉందని ఈయన తలూపితేనే బండి తీసేవాడు. నేను ఆ ఆటోలో ఎక్కినప్పుడల్లా నడుమే కూర్చోబెట్టేవాళ్లు. ఆ కోపం నాకింకా ఉంది.

మొన్న వేసవిలో ఢిల్లీలో చేతిపనుల సంత పెట్టారు. మా తండా సంఘం అద్దాల పనికి పిలుపొచ్చింది. పదకొండు మందికి విమానం టికెట్లు, వెంట ఒక ఆఫీసు మనిషి, ఒక సహాయకుడు. ఆఫీసు మనిషిని నేను. సహాయకుడెవరన్న మాటే రాలేదు, తండా మొత్తం జాల్యా వైపు తిరిగింది. "నాకు నడుం నొప్పి" అన్నాడు. "మెత్తటి సీట్లేనాయె" అన్నారు. "చేనుకు నీళ్లు పెట్టాలె" అన్నాడు. "మేం పెడుతం" అన్నారు. మోతీబాయి ఒక్క మాటే అంది. "ఒక్కసారి నీ పక్కపొంటి కూసోని పోవాలని ఉంది." దాంతో ఆయన ఆధార్ కార్డు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

ఇక్కడ నా సంగతి కూడా ఒకటి ఒప్పుకోవాలి. నేనూ అంతకుముందు విమానమెక్కలేదు. ఆఫీసు మనిషినై ఉండి ఆ మాట ఎట్లా చెబుతాను? జాల్యా ఉన్నాడు కదా అని గుండె మీద చెయ్యేసుకుని పడుకున్నాను.

నాలుగు రోజులు తండాలో తర్ఫీదు జరిగింది. గ్రామపంచాయతీ కుర్చీలు మూడూ మూడూ వరసలుగా వేసి, నడుమ దారి వదిలి, చీర అంచులతో బెల్టులు కట్టి జాల్యా నేర్పించాడు. జేబులో చెత్త ఎట్లా పెట్టకూడదు, బాత్రూంలో ఏ మీట నొక్కాలి, బెల్టు ఎట్లా విప్పాలి, అన్నీ. ఎగిరేటప్పుడు ఎట్లుంటుందని సంఘం కార్యదర్శి చంద్రి అడిగింది. చంద్రి ఏదైనా సాంతం తెలుసుకోకుండా వదిలే మనిషి కాదు. జాల్యా ఒక బెల్టు విప్పి మళ్లీ కట్టి, "గది చెప్పేది గాదు, సూసేది" అన్నాడు. అందరూ గౌరవంగా తలూపారు. ఆఖరి రోజు మాత్రం ఇంకో మాటన్నాడు. ఆ మాటే మా కొంప ముంచింది. "ఆడ పరేషాన్ గాకుండ్రి. నన్నే సూడుండ్రి. నేను కూసుంటె కూసోండ్రి, లేస్తె లేవుండ్రి. నేనేం జేస్తె గదే జెయ్యుండ్రి."

విమానాశ్రయంలో తనిఖీ దగ్గరే గంట పట్టింది. పదకొండు మంది ఒంటి మీద అద్దాలు, గవ్వలు, వెండి బిళ్లలు, కాళ్ల కడియాలు. తనిఖీ చేసే అమ్మాయి చేతిలోని యంత్రం మోతీబాయి దగ్గర మొదలుపెట్టిన మోత చంద్రి అయిపోయేదాకా ఆపలేదు. పాపం ఆ అమ్మాయి చివరికి యంత్రం పక్కన పెట్టి, ఒక్కో బిళ్ల ఎక్కడ కుట్టించారక్కా అని అడగడం మొదలుపెట్టింది. మేం విమానం తలుపు దగ్గరికి చేరేసరికి పది దాటింది.

ఇంక జాల్యాను చూడాలి. లోపల అడుగుపెట్టాడో లేదో ఆయన చేతులు ఆయన మాట వినడం మానేశాయి. మా వరసలో మడత విప్పిన బెల్టులన్నీ మళ్లీ మడిచాడు. ఎవరో ముందు సీటు కింద కాగితం పడేస్తే వంగి తీశాడు. అది చూసి పక్కాయన తాగిన కాఫీ కప్పు ఇచ్చాడు. ఆ వెనకావిడ అరటితొక్క ఇచ్చింది. వాంతుల కోసం పెట్టిన సంచీ తెరిచి పట్టుకుని ఈయన వెనక వరస దాకా పోయాడు, మా పదకొండు మందీ లేచి, తలా ఒక సంచీ తెరిచి పట్టుకుని ఆయన వెనకే పోయారు. ఏం చేస్తే అదే చేయమన్నాడు కదా. జనం కూడా ఇదేదో ఏర్పాటు అనుకుని చెత్త ఇచ్చారు. ఎయిర్ హోస్టెస్ అమ్మాయి రెండు చేతులూ జోడించింది. తండా పరువు ఆకాశానికెక్కిందని నేను మురిసిపోతూ నా సంచీ కూడా నింపాను.

అందరం వచ్చి కూర్చున్నాం. మోతీబాయి కిటికీ పక్కన, జాల్యా నడుమ, ఇవతల చంద్రి. నేను వాళ్ల వెనక. మోతీబాయి సీటును అటూ ఇటూ నిమిరి చూసి, "చెప్పినట్టే మెత్తగుంది" అంది. సరిగ్గా అప్పుడు మైకులో గొంతు వినిపించింది. బోర్డింగ్ కంప్లీట్.

జాల్యా లేచాడు. లేవడం కాదు, ఎవరో లాగినట్టు పైకొచ్చాడు. చంద్రి కాళ్లు దాటి, నడుమ దారిలో పడి, దించిన తలతో గబగబా తలుపు వైపు నడిచాడు. మోతీబాయి లేచింది. చంద్రి లేచింది. పదకొండు మందీ లేచారు. ఆఫీసు మనిషినైన నేను ఏం చేయాలి? మాలో విమానం సంగతి తెలిసినవాడు ఒక్కడే, ఆయనా దిగిపోతున్నాడు. నేనూ లేచాను. సిబ్బంది తేరుకునేలోపు మేమంతా విమానానికి ఆనించిన గొట్టంలాంటి దారిలో ఉన్నాం. వెనక్కి తిరిగి చూస్తే జనం వస్తూనే ఉన్నారు. మేమేమో పదమూడు మందిమి, మిగిలిన యాభై ఒక్క మందీ చదువుకున్నవాళ్లు, ఉద్యోగస్తులు. ఒక సూటాయన లాప్‌టాప్ సీట్లోనే వదిలేసి, ఒక బూటు చేతిలో పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఎందుకు దిగావయ్యా అంటే, "అంతమంది దిగుతుంటే ఏదో ఉంటుంది కదా మేడం" అన్నాడు. వాళ్లలో ఎవడో ఫోనెత్తి తీస్తున్నాడని అప్పుడు చూసుకోలేదు, చూసుంటే అక్కడే ఆ ఫోను సంగతి తేల్చేదాన్ని.

ఒక అధికారి పరుగున వచ్చాడు. గుంటూరు వైపు మాట. నేరుగా జాల్యా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మీరెందుకు దిగారండీ?"

"టైమైంది సార్."

"దేనికి టైమైంది?"

"దిగెటందుకు."

"ఢిల్లీ వెళ్లడానికి కదా ఎక్కారు?"

"అవ్ సార్."

"మరి?"

జాల్యా అప్పుడే మెలకువొచ్చినట్టు చుట్టూ చూశాడు. చేతిలో చెత్త సంచీ ఇంకా ఉంది. "తలుపు వడ్డంక లోపలుంటె పని పోతది సార్" అన్నాడు.

అధికారికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అంతలో గోడ పక్కన చీపుర్లతో నిలబడ్డ ముఠాలోంచి ఒకావిడ ముందుకొచ్చింది. రేణుకమ్మ. జాల్యా పని మానేశాక ఆ ముఠాకు ఆమే పెద్ద. "జాల్యన్నా! ఏందన్నా గిది? ఒక్కనివి దిగుతె అయిపోవుగద, పాసింజర్లను గూడ తోలుకొస్తివి!" అని నవ్వి, అధికారి వైపు తిరిగింది. "మా అన్ననే సార్, ఏమనకుండ్రి. పద్దెనిమిదేండ్లు మాతోని గీ ఇమానాలే తుడిసిండు. పాపం ఒక్కనాడన్న ఎగిరెరుగడు. గిదే ఫస్టు."

మంచి మనసుతోనే అంది ఆ తల్లి. కానీ ఆ మాట పడగానే మా ఆడవాళ్ల కడియాల చప్పుడు కూడా ఆగిపోయింది. జాల్యా గోడకు చేరగిలబడి అక్కడే కింద కూర్చుండిపోయాడు. మోతీబాయి వైపు చూడలేదు. నాకు ఒక్క క్షణం రేణుకమ్మ మీద, అధికారి మీద, ఢిల్లీ సంత మీద, అందరి మీదా పట్టరాని కోపం వచ్చింది. ఆ మనిషిని అట్లా చూడలేకపోయాను.

విమానం కెప్టెన్ మాట పంపించాడు. దిగినవాళ్ల సామానంతా మళ్లీ తనిఖీ చేసి ఎక్కించుకుంటామని, గంట పైనే పడుతుందని, ఈసారి దిగితే మాత్రం ఇంక ఎక్కించుకోబోమని. అప్పుడు చంద్రి గొంతు సవరించుకుంది. "మీటింగ్ పెట్టుండ్రి" అంది.

మా ఇప్పలగుట్ట సంఘానికి ఒక కట్టుబాటుంది. ఏ మాటైనా గుండ్రంగా కూర్చుని తేల్చాలి. తీర్మానం పుస్తకంలో రాయాలి. అధ్యక్షురాలు ముందు సంతకం పెట్టాలి, ఆ తర్వాతే మిగిలినవాళ్లు. తీర్మానం లేకుండా వాళ్లు కొత్త చాప కూడా పరుచుకోరు. పుస్తకం ఎప్పుడూ నా సంచీలోనే ఉంటుంది. పదకొండు మందీ ఆ దారిలోనే, ఆ గోనెరంగు తివాచీ మీద గుండ్రంగా కూర్చున్నారు. చంద్రి చెప్పింది, నేను రాశాను. "విమానం తలుపు దగ్గర జరిగిన అత్యవసర సమావేశం. హాజరు పదకొండు మంది. బానోతు జాల్యా నేటి వరకు ఎగరలేదన్న విషయం తండాలో గానీ, నర్మెట్ట అంగట్లో గానీ, చుట్టాలిళ్లలో గానీ చెప్పకూడదని తీర్మానించడమైనది."

"ఏం రాస్తున్నారండీ?" అన్నాడు అధికారి.

"తీర్మానం. మీరు గూడ దస్తకతు పెట్టాలె. మీరు ఇన్నరు గద" అంది చంద్రి.

ఆయన ఎందుకు పెట్టాడో ఆయనకే తెలియాలి, జేబులోంచి పెన్ను తీశాడు. "మీరు ఆగుండ్రి, ముందు అధ్యక్షురాలు" అని చంద్రి ఆపింది. పుస్తకం మోతీబాయి ముందుకు జరిపాను. ఆమె పెన్ను ముట్టుకోలేదు. ఆమె పెట్టకపోతే తీర్మానం లేదు. ఆమె మొగుణ్ని చూస్తోంది. వాళ్ల ఇంటి భాషలో మాట్లాడింది. నాకు ఆ భాష సగమే వచ్చు, మిగతా సగం చంద్రి అందరికీ వినపడేటట్టు తెలుగులో చెప్పింది.

"పద్దెనిమిదేండ్లు. మిర్చి ఏరుతుంటె, నీళ్లకు పోతుంటె, మీద ఇమానం సప్పుడైతె చాలు చెయ్యెత్తిన. మంది నవ్వినా ఎత్తిన. జ్వరమొచ్చి పండుకున్నా లేసి బయటికొచ్చి ఎత్తిన. అండ్ల నువ్వున్నవనుకున్న. నేను చెయ్యెత్తిందంత ఎవలికి?"

ఈ సంగతి నాకు కొత్త. తండాలో అందరికీ తెలుసట. జాల్యాకు కూడా కొత్తే అని ఆయన ముఖం చూస్తే తెలిసిపోయింది.

"నేను గూడ ఎత్తెటోన్ని" అన్నాడు చివరికి, తెలుగులోనే.

"ఏంది?"

"ఇమానం ఎనుకకు జరిగి పొయ్యేటప్పుడు కింద పని జేసెటోల్లు నిలవడి చెయ్యూపుతరు. నాకు గా పని లేదు. ఊపకుంటె నన్ను అడిగెటోడు లేడు. తుడిసిన ప్రతి ఇమానానికి నిలవడ్డ. అది కనవడకుంట పోయెదాక చెయ్యెత్తెటోన్ని. మన దిక్కు పొయ్యేదయితె ఇంకింత సేపు."

అధికారి పెన్ను పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఉన్నాడు. రేణుకమ్మ ముక్కు చీదింది. ఒకరేమో కింద నిలబడి ఊపారు, ఒకరేమో చేనులోంచి ఎత్తారు, ఆ నడుమ విమానంలో కూర్చున్న ముక్కూ మొహం తెలియని మంది అరటిపండ్లు తింటూ పోయారు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, ఏదీ సరిగ్గా రాలేదు. మోతీబాయి పుస్తకం తన వైపు లాక్కుని నన్ను చదవమంది. చదివాను.

"కొట్టెయ్యి" అంది.

"మోతక్కా..."

"కొట్టేసి ఇంకోటి రాయి. నా మొగున్ని ఇయ్యాల ఎగిరిపియ్యాలె."

రాశాను. బానోతు జాల్యాను ఈ రోజే విమానంలో ఎగిరించాలని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది. ముందు మోతీబాయి పెట్టింది. తర్వాత చంద్రి, మిగిలిన తొమ్మిది మంది. అధికారి పెట్టాడు. సూటాయన బూటు కింద పెట్టి వచ్చి, అడక్కుండానే పెట్టాడు.

"నేను బస్సుల పోత" అన్నాడు జాల్యా గోడ దగ్గర్నుంచి.

"తీర్మానమైంది" అంది చంద్రి.

రెండు జబ్బలూ పట్టి లోపలికి తెచ్చారు. మళ్లీ అవే సీట్లు. మళ్లీ మైకులో అదే మాట. జాల్యా కాళ్లు లేవబోయాయి. చంద్రి తన రెండు కాళ్లూ ఎదుటి సీటుకు తన్ని దారి కట్టేసింది. నేను వెనక నుంచి భుజాలు పట్టుకున్నాను. తలుపు మూసుకున్న చప్పుడు వినగానే ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలి కండ్లు మూసుకున్నాడు. ఇంక తెరవనే లేదు.

విమానం వెనక్కి జరిగింది. అప్పటికి మిట్టమధ్యాహ్నం దాటింది. బయట కాంక్రీటు నేల మీద ఎండ ఎట్లా ఉందంటే చూస్తుంటేనే కండ్లు మండుతున్నాయి. ఎక్కడా చారెడు నీడ లేదు. మోతీబాయి కిటికీకి నుదురు ఆనించి చూస్తోంది. వాళ్ల భాషలో అడిగింది, ఆ మాత్రం నాకే అర్థమైంది.

"రెక్క అవతల ఎవలో నిలవడ్డరు. గాడనేనా నువ్వు నిలవడేది?"

జాల్యా కండ్లు తెరవకుండానే తలూపాడు.

"నెత్తికి రుమాలన్న లేదు గదా ఆయనకు."

"ఉండద్దు. గాలికి లేసి ఇంజన్ల పడ్తదని ఏం కప్పుకోనియ్యరు."

విమానం ఒక మూల తిరిగి ఆగి, ఉన్నట్టుండి ఉరకడం మొదలుపెట్టింది. నేను నా దేవుళ్లందరినీ పిలుస్తున్నాను. ముందు సీట్ల సందులోంచి చూస్తే, మోతీబాయి తన తల మీది అద్దాల ముసుగు తీసి, ఆ చల్లటి విమానంలో, ఆయన బట్టతల మీద కప్పి గదవ కింద దాకా లాగుతోంది.

"ఎండ లేదే మోతీ" అన్నాడు జాల్యా.

"ఊకో" అంది ఆమె, ముడి గట్టిగా వేస్తూ.